హనుమన్న దరువు

“మూడో పేజీ, కింద భాగం” అని నాన్న పేపరు మడిచి నా ముందు పెట్టాడు. గొంతు పెంచలేదు. నాన్న గొంతు పెంచకుండా మాట్లాడితే వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆపేస్తుంది. ఆపేసింది.

నేను చదవక్కర్లేదు. అందులో ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. రాసింది నేనే.

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పేపర్లో మాట్లాడింది మాత్రం మా ఆయన. ‘సీమలో కొత్త చప్పుడు’ అని పెద్ద అక్షరాలు. కింద, ఎర్రగుంట్లలో మూతపడిన పాలిషింగు షెడ్డులో ముగ్గురూ నిలబడిన ఫొటో. గిటారుతో మా ఆయన రాఘవేంద్రప్రసాద్, పక్కన పాటలు పాడే జ్ఞానమణి, డ్రమ్ముల వెనక ఈరన్న. వాళ్ళ బ్యాండు పేరు ‘నాపరాయి’. ఫొటోలో మా ఆయన చొక్కా రెండో గుండీ నేను కుట్టింది. తెల్లదారం దొరక్క పసుపుదారంతో కుట్టాను. అంత కంగారులోనూ నా కళ్ళు ముందు ఆ గుండీ మీదికే పోయాయి.

నాన్న వేలు ఇంకో చోట ఆగింది. పైకి చదివాడు.

“మా డ్రమ్మర్ ఈరన్న పెళ్ళి బ్యాండులో వాయించేవాడు. ఊరేగింపులకు అలవాటు పడిన ఆ చేతికి లయ అంటే ఏమిటో నేర్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది.”

రాసిన రోజు ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందని మురిసిపోయానో. ఎర్రగుంట్లలో మా గదిలో, మంచం మీద బోర్లా పడుకుని, కాళ్ళు ఊపుకుంటూ రాశాను. విలేఖరి ఎనిమిది ప్రశ్నలు కాగితం మీద ఇచ్చి, జవాబులు రాసి కింద సంతకం పెట్టి పంపమని చెప్పిపోయాడు. మా ఆయన తెలుగు రాత ఆయనకే అర్థం కాదు. “నువ్వు రాయి, డిగ్రీ చదివినావు గదా” అన్నాడు. మీ మీద ఎవరి ప్రభావం ఉంది, బ్యాండులో గొడవలు వస్తే ఏం చేస్తారు, ఇలాంటి ప్రశ్నలు. పెళ్ళై మూడు నెలలు కాలేదు. ‘మా ఆయన’ అనే మాట నోట్లో ఇంకా కొత్తగా కరుగుతోంది. ఆయన గురించి రాయమంటే చెయ్యి ఆగుతుందా?

“సుందరం మాస్టరు పొద్దున ఆరింటికే ఫోన్ చేసినాడు” అన్నాడు నాన్న.

మా నాన్న రామకోటయ్యది షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే అంగడి. కర్నూల్లో పెద్ద పెళ్ళంటే కుర్చీలు నాన్నవి, బ్యాండు సుందరం మాస్టరుది. ఇరవై ఏళ్ళుగా ఒకే పందిట్లో భోంచేస్తున్న మనుషులు. ఈరన్న ఆ మాస్టరు దగ్గర సైడు డ్రమ్ము వాయిస్తాడు. అతని తండ్రి హనుమన్న కూడా అక్కడే వాయించి, చెయ్యి వణకడం మొదలయ్యాక మానేశాడు. మాస్టరు ఇద్దరు మనుషుల్ని పంపి ఈరన్న ఇంట్లోంచి ఎర్ర యూనిఫారం, డ్రమ్ము రెండూ తెప్పించుకున్నాడట. లయ నేర్పినోళ్ళ దగ్గరే వాయించుకోమని చెప్పి పంపాడట.

“శ్రావణం వస్తాండాది. ముహూర్తాలు మొదలైతాయి. ఈరన్న యాడికి పోయి వాయించల్ల?” అన్నాడు నాన్న. “రేపు సాయంత్రం ఈ ఊర్లోనే మీ ఆయన ప్రోగ్రాం. దానికి వాడొస్తాడా?”

తల వంచుకుని నా అరచేతుల్లో ఎర్రగా పండిన గోరింటాకు చూసుకుంటూ కూర్చున్నాను.

నాపరాయి ప్రోగ్రాములన్నీ ఆషాఢంలోనే. పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఈరన్నకు తీరిక. ఫంక్షన్ హాలు ఖాళీ, మైకుసెట్టు ఖాళీ, నాన్న కుర్చీలు గోడౌన్లో ఒకదాని మీద ఒకటి నిద్రపోతుంటాయి. మిగతా పదకొండు నెలలూ వాళ్ళు పాడాలన్నా కుదరదు. నేను పుట్టింట్లో ఉన్నదీ ఆ ఆషాఢం వల్లే. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఆయన్ని చూసి పన్నెండు రోజులైంది.

పదమూడో రోజు ఇలా తెల్లారింది.

పదకొండు గంటలకు వీధిలో మినీలారీ ఆగింది. దాని హారను నాకు తెలుసు. మెట్లమీద పరుగెత్తబోతే అమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది. తనే వెళ్ళి గడపకు ఇవతల నిలబడి, అల్లుణ్ణి ఆదరంగానే పలకరించి, లోపలికి మాత్రం రావద్దంది. నాన్న అంగడి నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి వీధిలో వేప చెట్టు కింద వేయించాడు. మా ఆయన ఆ కుర్చీలో, లారీ నిండా స్పీకరు డబ్బాలు పెట్టుకుని, పిల్లనివ్వని ఇంటి ముందు కూర్చున్న పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. ఎదురింటి వాళ్ళు పని కల్పించుకుని బయటికొచ్చారు.

కాఫీ నేనే కలిపాను. కిటికీ ఊచల్లోంచి గ్లాసు అందిస్తుంటే ఆయన వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. గిటారు తీగలకు కాయలు కాసిన ఆ వేళ్ళ చివర్లు గరుగ్గా ఉంటాయి. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. కాఫీ తాగలేదు కూడా. మీగడ కట్టేదాకా గ్లాసు అలాగే పట్టుకున్నాడు.

లారీ దిగిన జ్ఞానమణి నేరుగా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. జ్ఞానమణి ఎర్రగుంట్లలో చిన్న బడిలో ఇంగ్లీషు పంతులు. ఆదివారాలు చర్చిలో పాడతాడు, ఆ గొంతుతోనే నాపరాయిలో అరుస్తాడు. దారంతా పేపరు అతని చేతిలోనే నలిగినట్టుంది.

“రేయ్ రాఘవా, ఎర్రగుంట్ల నుంచి అడుగుతాండా. ఈ మాట నువ్వు చెప్పినావా?”

“చెప్పినా.”

“ఈరన్నకు లయ నేర్పినావా నువ్వు?”

మా ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఒక్కసారి కిటికీ వైపు చూశాడు.

“చెప్పినా అంటాండా గదా. ఎన్నితూర్లు అడుగుతావ్?”

“ఆయప్ప ముందర ఇదే మాట అనగలవా?”

జ్ఞానమణి పేపరు ఆయన ఒళ్ళో పడేసి, లారీ టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకరు కుర్చీలో, ఒకరు నేల మీద, మధ్యలో చల్లారిన కాఫీ. అంతకంటే వాళ్ళు కొట్టుకుని ఉంటే బాగుండేది.

నేను కిటికీ ఊచ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నా తప్పు ఆయన తన మీద వేసుకున్నాడు. అంత ప్రేమ తట్టుకోలేక నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కొంచెం సంతోషం కూడా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. సంతకం పెట్టేటప్పుడు ఆయన చదవలేదు. నేను పెన్ను చేతికిచ్చాను, ఆయన పెట్టాడు. చదవకుండానే నా మాటను నమ్మాడు. నేనలాగే అనుకున్నాను.

వంటింట్లోకి వెళ్ళి అమ్మకు చెప్పేశాను. మా అమ్మ కన్యకమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. నేను చెప్పడం పూర్తయ్యాక కూడా ఇంకో రెండు కాయల ఈనెలు తీసింది.

“సంతకం ఎవురిది?”

“ఆయనదే. చదవకుండా పెట్టినాడు.”

“నువ్వు చూసినావా, చదవలేదని?”

ఏం ప్రశ్న అది అనిపించింది. అమ్మ పళ్ళెం పక్కన పెట్టి లేచింది. “చెప్పులేసుకో మే. ముందు ఈరన్నకు చెప్పి రా. నువ్వు రాసిందానికి వాని ఇంట్లో యూనిఫారం పోయింది” అంది. పెరటి వాకిలి తీసి పంపింది, వీధిలో ఉన్నవాళ్ళ కళ్ళ పడకుండా.

ఈరన్న ఇల్లు పాతబస్తీలో, తుంగభద్ర ఒడ్డుకు దిగే సందులో. ఇంటి ముందు నాపరాతి అరుగు, దాని మీద హనుమన్న బీడీ కట్ట పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు. చెయ్యి మోకాలి మీద సన్నగా వణుకుతోంది.

లోపల గోడకు ఒక మేకు ఉంది. దాని చుట్టూ సున్నం మిగతా గోడకంటే తెల్లగా ఉంది, చొక్కా ఆకారంలో. ఎన్నో ఏళ్ళు అక్కడ యూనిఫారం వేలాడి ఉండాలి.

ఈరన్న నన్ను ఎప్పుడూ ‘వదినా’ అనే పిలుస్తాడు. మా పెళ్ళి ఊరేగింపులో ఆ పిలుపుతోనే నన్ను కారు దించాడు. ఇవాళ గడపలోకి వచ్చి నిలబడి, “రామ్మా, కూర్చో” అన్నాడు. ఆ ‘మ్మా’ నాకు బాగా తగిలింది.

నిలబడే చెప్పాను. ఆ మాట రాసింది నేనని, మా ఆయనకు తెలియదని, క్షమించమని. గబగబా చెప్పేశాను, పరీక్షలో బట్టీ పట్టిన జవాబులాగా.

ఈరన్న కొంచెం నవ్వాడు.

“నువ్వు రాసినావని నాకు పేపరు సదివిస్తానే తెలిసింది. రాఘవ అన్నం పెట్టించుకునేకి కూడా అంత పొడుగు మాట మాట్లాడడు.”

“మరైతే ఆయన మీద కోపమేంటికి అన్నా?”

“పొద్దున రూపాయి బిళ్ళ ఫోన్ నుంచి చేసినా. ఎవురు రాసినారని అడగలేదు. సంతకం పెట్టకముందు సదివినావా అని అడిగినా. సదివినా అన్యాడు.”

నేను అరుగు మీద కూర్చున్నాను.

“మీకు కోపం నామీదికి రాకుండా అట్ల చెప్పింటాడు” అన్నాను.

“ఆయప్ప నాకు అబద్ధం చెప్పడు. ఐదేండ్ల నుంచి చూస్తాండా.”

తర్వాత ఈరన్న చెప్పిన సంగతులు మా ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఐదేళ్ళ కిందట ఎర్రగుంట్లలో ఒక పెళ్ళి. ఏ ఊరేగింపులోనైనా పెళ్ళికొడుకు కారు అమ్మాయి ఇంటి సందులోకి తిరిగేసరికి బ్యాండువాళ్ళకు ఊపిరి అందదు. బాకా ఊదేవాళ్ళ పెదవులు వాచిపోయి ఉంటాయి. అలాంటప్పుడు వాయించడానికి హనుమన్న కట్టిన దరువు ఒకటి ఉంది. రెండు చేతులూ ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు, పడిపోతుందనుకున్న ప్రతిసారీ లేస్తూ. ఆ దరువు వింటే అలిసిన వాళ్ళు కూడా పరుగెత్తుతారు. ఆ రోజు ఈరన్న దాన్ని వాయించాడు. బెంగుళూరులో ఇంజనీరింగు వదిలేసి ఇంటికొచ్చి, నాన్నగారి సిమెంటు అంగట్లో కూర్చున్న ఒక కుర్రాడు ఊరేగింపు వెంట నడిచి, పెళ్ళి అయిపోయినా పోకుండా, ఇంకొకసారి వాయించమని అడిగాడు.

“క్యాసెట్లు తెచ్చి వినిపిచ్చినాడు. ఇంగ్లాండోళ్ళవంట. పంకు అంటారంట. పట్టుమని మూడు స్వరాలు రావు వాళ్ళకు, ఆపరు మాత్రం. నాకు మాటలు తెలీలేదు గానీ, ముహూర్తం దాటిపోతాండాదని మావాళ్ళు ఆఖరి సందులో వాయించే మాదిరే ఉండాది. అదే చెప్పినా. రాఘవ ఎగిరి గంతేసినాడు.”

పాలిషింగు షెడ్డులో ఆరు నెలలు. అది నిజమే. ఈరన్న దరువు మొదలుపెడితే మా ఆయన గిటారు నాలుగో అడుగులోనే జారిపోయేది. మళ్ళీ మొదటికి. వేళ్ళు చీలి రక్తం కారితే గుడ్డ చుట్టుకుని మళ్ళీ.

“ఆర్నెల్లు ఆయప్పే నా ఎనకాల పరిగెత్తినాడు. అందుకున్న రోజు చంటిబిడ్డ మాదిరి ఏడ్సినాడు. నేను గేలి చేయలేదు. యాడా చెప్పలేదు.”

నాకు మా ఆయన చెప్పింది, “మాకు కుదిరేకి ఆర్నెల్లు పట్టింది” అని మాత్రమే. మిగిలింది నేను అల్లుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది, కానీ అక్కడే ఆగలేదు.

అరుగు మీదున్న హనుమన్న అప్పుడే నోరు తెరిచాడు. “శెట్టి కోడలా, మావాడు నేర్చుకున్యాడని రాసినావు. యాడ నేర్చుకున్యాడో అది రాయలేదు” అన్నాడు. బీడీ వెలిగించుకోవడానికి మూడు పుల్లలు వృథా అయ్యాయి. నేను వెలిగించి ఇద్దామనుకుని చెయ్యి చాపాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

లేచేటప్పుడు ఈరన్నను ఏం చేయమంటావని అడిగాను. నాలుగింటికి సుందరం మాస్టరు అంగడి దగ్గర మేళమంతా ఉంటుంది, రాఘవను అక్కడికి రమ్మను, వాళ్ళందరి ముందూ చెప్పమను అన్నాడు. రేపటి ప్రోగ్రాం గురించి ఒక్క మాట లేదు.

తిరిగి వచ్చేసరికి వేప చెట్టు నీడ కుర్చీ దాటి పక్కకు జరిగింది. మా ఆయన ఎండలోనే కూర్చుని ఉన్నాడు. జ్ఞానమణి లారీలో పడుకున్నాడు. ఈసారి నేను పెరటి దారిన పోలేదు. వీధిలోనే, అందరూ చూస్తుండగా, ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను. ఎదురింటావిడ ఆరేసిన చీరనే మళ్ళీ దులపడం మొదలుపెట్టింది.

“సంతకం పెట్టకముందు చదివినారా?”

ఆయన తల ఎత్తాడు. ఎండకు కళ్ళు చికిలించుకున్నాడు. ఎక్కడికి వెళ్ళి వచ్చానో అడగలేదు.

“ఈరన్న చెప్పినాడా?”

“చదివినారా, లేదా?”

“చదివినా.”

“ఎప్పుడు? పెన్ను ఇచ్చిన నిమిషంలోనే కదా పెట్టినారు.”

“నువ్వు నీళ్ళకు పోయినప్పుడు ఒకతూరి చదివినా. నువ్వు ఇచ్చినాక ఇంగొకతూరి.”

రెండుసార్లు. పన్నెండు రోజులుగా ప్రతి రాత్రీ తలగడ కింద పెట్టుకున్న నమ్మకం ఏదో జారిపోయినట్టుంది.

“అబద్ధమని తెలిసి కూడా ఆ లైను ఎందుకు కొట్టేయలేదు?”

లారీలో జ్ఞానమణి కదిలిన చప్పుడైంది. వింటున్నాడని ఇద్దరికీ తెలుసు.

“కొట్టేయల్లనుకున్నా. పెన్ను కూడా పెట్టినా దానిమీద” అన్నాడు చివరికి. “నువ్వు రాసిన మనిషి నాకంటే శానా మంచోడుగా ఉన్యాడు. ఏమీ లేనోనికి చెయ్యి పట్టుకుని నేర్పినోడు. నువ్వు నన్ను అట్ల చూస్తాండావు. దాన్ని కొట్టేసేకి చెయ్యి రాలేదు.”

ఇంకో రోజైతే ఆ మాటకు నేను కరిగి నీరయ్యేదాన్ని. నా పెళ్ళిలోని ప్రతి చిన్న సంతోషాన్నీ డైరీలో రాసుకునేదాన్ని నేను. ఇది రాసుకోదగ్గదో, దాచుకోదగ్గదో తెలియలేదు. నేను పొగిడాను, ఆయన మురిశాడు. మా ఇద్దరి మురిపెం మధ్యలో పడి మూడో మనిషి నలిగాడు.

“ఏమీ లేనోడు కాదు ఈరన్న” అన్నాను.

“తెల్సు.”

“నాలుగింటికి సుందరం మాస్టరు అంగడి. అందరి ముందూ చెప్పాలంట.”

ఆయన లేచాడు. జ్ఞానమణి లారీ తలుపు తీసుకుని దిగాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ముగ్గురం నడిచాం.

సుందరం మాస్టరు అంగడి అంటే ఇరుకు గది, గోడల నిండా ఎర్ర యూనిఫారాలు, పైన వరసగా బాకాలు. ఆషాఢం కాబట్టి అందరూ ఇత్తడి తోముకుంటూ బయట బెంచీల మీద ఉన్నారు. పన్నెండు పదమూడు మంది ఉంటారు. చింతపండు పులుసు వాసన, దాని కింద ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. అంతమంది ఒక్కసారిగా చేతులు ఆపారు. ఈరన్న చివరి బెంచీ మీద, తండ్రి పక్కన కూర్చుని ఉన్నాడు. మా వైపు చూడలేదు.

సుందరం మాస్టరుకు అరవై దాటాయి. సన్నటి మీసం, ఇస్త్రీ చొక్కా. మా ఆయన్ను కూర్చోమన్నాడు. ఆయన కూర్చోలేదు. పేపర్లో వచ్చింది తప్పు అని మొదలుపెట్టబోయాడు. మాస్టరు చెయ్యెత్తి ఆపాడు.

“మాటలెందుకప్పా. మాటలు పేపర్లో సదివినాం గదా.” లోపలికెళ్ళి ఈరన్న డ్రమ్ము తెచ్చి మా ఆయన మెడలో పట్టీ వేశాడు. “లయ నేర్పినోడివి. ఆ చివర బోరింగు ఉండాది సూడు. ఆడిదాకా హనుమన్న దరువు వాయించుకుంటా పోయి రా. తప్పకుండా వస్తే ఈ అంగడి నీది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో నోరు మూయించారు.

జ్ఞానమణి వద్దన్నట్టు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన విడిపించుకున్నాడు. పుల్లలు తీసుకున్నాడు. గిటారు పట్టే మనిషి చేతిలో ఆ పుల్లలు ఎబ్బెట్టుగా ఉన్నాయి, కొత్తగా చెంచా పట్టిన పిల్లాడి చేతిలో లాగా.

మొదటి నాలుగు దెబ్బలు కుదిరాయి. ఐదో దానికి చేతులు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. తప్పు వాయిస్తూనే నడిచాడు. టైలరు మిషను ఆపి చూశాడు. టీ అంగడి ముందు ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. నవ్వులు మొదట్లో చేతులు అడ్డం పెట్టుకుని, తర్వాత బాహాటంగా. బోరింగు దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అక్కడ తిరిగి, అదే వంకర దరువుతో, చెమటకు పసుపుదారం గుండీ చొక్కా వీపుకంటుకుపోయి, మళ్ళీ మా ముందుకొచ్చి ఆగాడు.

వచ్చేసరికి బెంచీల మీద ఒక్కరూ నవ్వడం లేదు.

“నేనేం నేర్పలేదు మాస్టరూ” అన్నాడు ఆయన, ఊపిరి అందక. “ఈరన్న దగ్గర నేర్చుకునేకి ఆర్నెల్లు తిరిగినా. ఇంగా రాలేదు, చూసినారు. రాసింది ఎవురైనా గానీ, చదివి బాగుండాదనుకున్నోణ్ణి నేను.”

నేను ముందుకు జరిగి, రాసింది నేనని చెప్పాను. మాస్టరు నన్ను చూసి తల పంకించాడు, ముందే తెలిసినవాడిలా. తర్వాత మా ఆయన మెడలోంచి డ్రమ్ము తీసి, ఎర్ర చొక్కా దానిమీద పెట్టి, ఈరన్న ఒళ్ళో ఉంచాడు. “శ్రావణం మొదటి ముహూర్తానికి బట్టలు ఉతికించుకో” అన్నాడు. అంతే. ఇత్తడి తోమే చప్పుడు మళ్ళీ మొదలైంది.

నాకు ఎంత తేలికైందో చెప్పలేను. అయిపోయింది అనుకున్నాను. మా ఆయన ఈరన్న ముందు గొంతుక్కూర్చున్నాడు.

“రేపు వస్తావా?”

ఈరన్న చొక్కా మడత సరిచేసుకుంటున్నాడు.

“వస్తా. పోస్టర్ల మీద నా పేరు ఉండాది. మాట తప్పను.”

మా ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు నాకు తెలుసు, అది చూడటానికే నేను ఏదైనా రాస్తాను.

“గానీ మా నాయిన దరువు వాయించను” అన్నాడు ఈరన్న. “అది ఇంగ మీ పాటల్లో వద్దు. వేరే ఏది చెప్పినా వాయిస్తా.”

“ఈరన్నా, అది లేకుండా…”

“అది మా నాయినది, రాఘవా. అడక్కుండా ఇచ్చినా అప్పుడు. ఇప్పుడు తీసుకుంటాండా.”

హనుమన్న కొడుకు వైపు చూశాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, లేచి, డ్రమ్ము తనే భుజాన వేసుకున్నాడు. తండ్రీకొడుకులు సందులోకి తిరిగేదాకా మేం ముగ్గురం అక్కడే నిలబడ్డాం.

జ్ఞానమణి జేబులోంచి కాగితం తీశాడు. రేపు పాడాల్సిన తొమ్మిది పాటల వరస. “ఒకటి తీసేస్తే ఎనిమిది. సర్దుకోవచ్చు” అన్నాడు. పొద్దుట్నుంచి ఆయనతో అతను మెత్తగా అన్న మొదటి మాట అది.

మా ఆయన అంగడి మెట్టు మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆఖరి పాట కొట్టేశాడు. కాసేపు చూసి, రెండోది కొట్టేశాడు.

“అదేంటికి? దాంట్లో లేదు గదా.”

“ఉండాది. రెండో చరణం ఎనకాల, నెమ్మదిగా.”

నాలుగోది. ఐదోది. జ్ఞానమణి ప్రతి దానికీ వాదించబోయి, తొడ మీద వేళ్ళతో దరువు వేసి చూసుకుని, ఊరుకున్నాడు. ఏడు పోయాయి. ఇంకా రెండు.

పెన్ను వాటిలో ఒకదాని మీద ఆగింది. ఆ పాట పెళ్ళైన పదో రోజు కట్టాడు. నా గాజుల చప్పుడు విని కట్టానని, మొదటినుంచి చివరిదాకా నీదేనని, నాకు చెప్పాడు. నేను దాన్ని పొయ్యి దగ్గర, బావి దగ్గర, నిద్రలో కూడా పాడుకుంటాను.

ఆయన తల ఎత్తి నా వైపు చూస్తున్నాడని తెలుస్తోంది. నేను చూడలేదు. బోరింగు దగ్గర ఎవరో బిందె నింపుకుంటున్నారు, అటే చూస్తూ నిలబడ్డాను.

కాగితం మీద పెన్ను గీసుకుపోయిన చప్పుడు వినిపించింది.